సింహం ముద్ర వేసిన గుడ్డు

2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మయోనైజ్‌తో మోమోలు తిన్నవాళ్లు పలువురు జబ్బుపడి, ఒకావిడ ప్రాణం పోయాక వచ్చిన ఉత్తర్వు అది. ఆ వారమంతా ఇక్కడ ఇంగ్లండ్‌లో ఉన్న నాకు మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. మీ దేశంలో పచ్చసొన జారే గుడ్డును చంటిపిల్లలకూ గర్భిణులకూ కూడా పెట్టొచ్చని ప్రభుత్వమే చెబుతుందట, నిజమేనా అని. నిజమే. కానీ ఆ మాట అనడానికి ఈ దేశానికి 29 ఏళ్లు పట్టింది. ఆ 29 ఏళ్లలో ఒక మంత్రి పదవి పోయింది, లక్షల కోళ్లను చంపారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అదంతా పక్కనపెట్టి ఆ ఒక్క మాటనే హైదరాబాద్‌కో గుంటూరుకో మోసుకెళితే ప్రమాదం. అందుకే మొత్తం చెబుతున్నాను.

ముందు ఆ గుడ్డు రుచి గురించి చెప్పాలి. అది తెలియకపోతే వీళ్లు దానికోసం ఇంత శ్రమ ఎందుకు పడ్డారో అర్థం కాదు. మరిగే నీళ్లలో గుడ్డు దించి నాలుగున్నర, ఐదు నిమిషాలకు తీసేస్తారు. దానికోసమే చేసిన చిన్న కప్పులో నిలబెట్టి, చెంచాతో పైభాగాన టకటకా కొట్టి, టోపీ తీసినట్టు పెంకు తీస్తారు. తెల్లసొన జున్నులా నిలబడి ఉంటుంది, దాని మధ్య పచ్చసొన వెచ్చగా, చిక్కగా, కదులుతూ ఉంటుంది. కాల్చి వెన్న రాసిన రొట్టెను వేలెడు వెడల్పు ముక్కలుగా కోసి అందులో ముంచుకుని తింటారు. ఆ ముక్కల్ని సోల్జర్లు అంటారు. పచ్చసొనలోని కొవ్వు, వెన్నలోని ఉప్పు, రొట్టె కరకర ఒకేసారి నోటికి తగులుతాయి. గట్టిగా ఉడికితే పొడిపొడిగా మారిపోయే పచ్చసొన రుచి ఇందులో మొత్తంగా ఉంటుంది. ఇక్కడి పిల్లలకు అన్నప్రాశన అయిన కొత్తలోనే అమ్మమ్మలు తినిపించే తిండి ఇది. జ్వరం తగ్గినవాళ్లకు మనం చారన్నం పెట్టినట్టు వీళ్లు ఈ గుడ్డు పెడతారు.

గుడ్డు మీద వీళ్ల మమకారానికి యుద్ధం కూడా ఒక కారణం. రెండో ప్రపంచ యుద్ధంలో రేషన్ కార్డు మీద మనిషికి వారానికి ఒక్క గుడ్డు, అదీ దొరికితేనే. దాని బదులు అమెరికా నుంచి వచ్చిన గుడ్ల పొడి ఇచ్చేవారు, నాలుగు వారాలకు డజను గుడ్లకు సరిపడే పొట్లం ఒకటి. పొడితో ఆమ్లెట్ వేయొచ్చు కానీ సొన జారే గుడ్డు చేయలేరు కదా. యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకు, 1953 మార్చిలో గానీ గుడ్ల మీద రేషన్ ఎత్తేయలేదు. ఆ తరానికి పెంకుతో ఉన్న అసలు గుడ్డు పండగ. 1957లో గుడ్ల మార్కెటింగ్ బోర్డు, రోజూ గుడ్డు తిని పనికి వెళ్లమని దేశమంతా ప్రచారం మొదలుపెట్టింది. తర్వాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్న ఫే వెల్డన్ ఆ ప్రకటనల బృందానికి పెద్ద. గుడ్డు మీద చిన్న సింహం ముద్ర వేయడం కూడా అప్పుడే మొదలైంది. బోర్డు మూతపడేసరికి ఆ సింహం కూడా కనుమరుగైంది.

1980లలో సాల్మొనెల్లా ఎంటరైటిడిస్ అనే బ్యాక్టీరియా వచ్చింది. మనం మామూలుగా భయపడేది పెంకు మీది మురికికి, అంటుకున్న రెట్టకు. దాన్ని కడుక్కోవచ్చు, తుడుచుకోవచ్చు. ఇది ఆ రకం కాదు. ఇది పెట్ట అండాశయంలోకి చేరి, పెంకు ఏర్పడకముందే సొనలోకి వచ్చేస్తుంది. కోడి చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది, గుడ్డు శుభ్రంగా ఉంటుంది, పగలగొడితే వాసన రాదు, రంగు మారదు. వంటింట్లో ఎంత జాగ్రత్తగల ఇల్లాలైనా కనిపెట్టలేదు. పైగా తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొన 65 దాటాక చిక్కబడుతుంది. ఈ బ్యాక్టీరియా చచ్చిందని ధైర్యంగా చెప్పాలంటే లోపలిదాకా 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు ఉండాలి. అంటే సొన జారుతోందంటే అది చచ్చేంత వేడి తగల్లేదన్నమాట. ఈ రెండు లెక్కల మధ్య రాజీ లేదు. జారే గుడ్డు సురక్షితంగా ఉండాలంటే బ్యాక్టీరియా అసలు కోడిలోనే ఉండకూడదు. ఈ దేశం ఆలస్యంగా తెలుసుకున్నది ఇదే.

1988లో ఏకంగా పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనే పచ్చిగుడ్లతో చేసిన మయోనైజ్ తిని సభ్యులు, సిబ్బంది జబ్బుపడ్డారు. హైదరాబాద్ అయినా లండన్ పార్లమెంటు అయినా దారి మాత్రం ఆ మయోనైజే. ఒక్క గుడ్డులో పడినది గిన్నె అంతా పాకుతుంది, బయట పెడితే గంటగంటకూ పెరుగుతుంది, తినేముందు పొయ్యి ఎక్కే అవకాశమే లేదు. ఆ ఆగస్టులోనే ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి డోనాల్డ్ యాచెసన్ పచ్చిగుడ్లు తినొద్దని హెచ్చరించారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబర్ 3న ఆరోగ్యశాఖ సహాయ మంత్రి ఎడ్వినా కరీ టీవీ కెమెరా ముందు, దేశంలో గుడ్ల ఉత్పత్తిలో చాలా భాగానికి సాల్మొనెల్లా సోకిందని అనేశారు. ఆవిడ అన్నది ఉత్పత్తి గురించి, జనం విన్నది ప్రతి గుడ్డూ విషమని. అమ్మకాలు సగానికి పైగా పడిపోయాయి. రైతులు మండిపడ్డారు, సొంత పార్టీ ఎంపీలే రాజీనామా అడిగారు. డిసెంబర్ 16న ఆవిడ పదవి వదులుకున్నారు. మిగిలిపోయిన గుడ్లకు, తీసేయాల్సిన కోళ్లకు థాచర్ ప్రభుత్వం పరిహారం పథకం పెట్టాల్సి వచ్చింది.

కరీ మాట అతిగా ఉందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నా మటుకు నాకు, ఆవిడ మాట తప్పు లెక్కే అయినా చెప్పిన సంగతి నిజం. మందల్లో జబ్బు ఉంది. అది బయటపెట్టిన మనిషిని పంపించేశారు, జబ్బు మాత్రం అలాగే ఉండిపోయింది. 1989 నుంచి జబ్బు తేలిన మందల్ని తప్పనిసరిగా చంపించారు. ఎన్నో చిన్న ఫారాలు అప్పుడే మూతపడ్డాయి. ఆ విధానాన్ని 1993లో ఆపేశారు. ఇంత చేసినా 1997లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ ఒక్క రకం సాల్మొనెల్లా కేసులే 20 వేలు దాటాయి. అదీ ల్యాబ్‌లో తేలినవి మాత్రమే. ఇంట్లోనే విరేచనాలతో, జ్వరంతో పడి లేచినవాళ్లు ఈ లెక్కలో లేరు. వద్దని హెచ్చరించడం, మందల్ని చంపడం, రెండూ చాలలేదు.

దారి మళ్లించింది టీకా. 1998లో గుడ్ల పరిశ్రమ మండలి పాత సింహాన్ని మళ్లీ తెచ్చింది, ఈసారి ఎర్ర రంగులో. ముద్ర కావాలంటే లేయర్ పెట్టలకు సాల్మొనెల్లా టీకా వేయాలి, షెడ్డులో క్రమం తప్పకుండా పరీక్షలు చేయాలి, ఎలుకల్ని రానివ్వకూడదు, దాణా శుభ్రంగా ఉండాలి, ఏ గుడ్డు ఏ ఫారం నుంచి వచ్చిందో రికార్డు ఉండాలి, గుడ్లను 20 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలి. ఎలుకల సంగతి చదువరులు తేలిగ్గా తీసుకోవద్దు. ఒక మందను తీసేసి షెడ్డు కడిగి కొత్త మందను దించినా, గోడ కన్నాల్లో మిగిలిన ఎలుకలు పాత జబ్బును కొత్త పెట్టలకు అంటిస్తాయి. మందల్ని చంపడం ఎందుకు చాలలేదో ఇక్కడే తెలుస్తుంది. ఈ పథకానికి చట్టం బలవంతం లేదు, పరిశ్రమ తనంతట తానే పెట్టుకుంది. అయినా ఇప్పుడు దేశంలోని గుడ్లలో దాదాపు 90 శాతం దీని కిందే వస్తాయి. సూపర్‌మార్కెట్లు సింహం లేని గుడ్డు కొనబోమని భీష్మించుకోవడం కూడా అందుకు కారణం. 1998లోనే బీబీసీలో డెలియా స్మిత్ అనే వంటల ఆవిడ, గుడ్డు ఎలా ఉడకబెట్టాలో మొదటి పాఠంగా చెప్పింది. కొందరు పెద్ద షెఫ్‌లు చిన్నచూపు చూశారు. జనం మాత్రం గుడ్లు కొన్నారు, అమ్మకాలు పెరిగాయి. పదేళ్లు భయంతో గుడ్డును రాయిలా ఉడికించిన ఇళ్లలో మళ్లీ ఐదు నిమిషాల లెక్క మొదలైంది.

గుడ్డు చేతిలోకి తీసుకుంటే ఇదంతా కనిపిస్తుంది. పెంకు మీద ఎర్ర సిరాతో కిరీటం పెట్టుకున్న సింహం, ఎప్పటిలోగా తినాలో తేదీ, ఒక సంకేతం. సంకేతంలో మొదటి అంకె కోడి ఎలా పెరిగిందో చెబుతుంది. 0 అయితే సేంద్రియం, 1 అయితే బయట తిరిగిన కోడి, 2 అయితే షెడ్డులో నేల మీద పెరిగినది, 3 అయితే పంజరంలోది. తర్వాత దేశం అక్షరాలు, ఆ తర్వాత ఫారం నంబరు. తేదీ, గుడ్డు పెట్టిన రోజు నుంచి 28 రోజులు. ఇక్కడ గుడ్లను కడగరు. పెంకు మీద సహజంగా ఉండే పలచని పొర కడిగితే పోతుందని, అది ఉంటేనే బయటి క్రిములు లోపలికి దిగవని వీళ్ల వాదన. అందుకే అంగడిలో గుడ్లు ఫ్రిజ్‌లో కాక పిండి, పంచదార పక్కన అరలో ఉంటాయి. అమెరికాలో సరిగ్గా తలకిందులు: కడుగుతారు, కడిగాక చల్లగా ఉంచాలని పట్టుబడతారు.

ఆరు గుడ్ల పెట్టెల్ని పరీక్షించిన ప్రభుత్వ సర్వేల్లో, 1990ల మధ్యలో 100 పెట్టెలకు ఒకదానిలో సాల్మొనెల్లా దొరికితే, 2003 నాటి సర్వేలో 290 పెట్టెలకు ఒకదానిలో దొరికింది. 2002 నుంచి కొన్నేళ్లు మళ్లీ కేసులు పెరిగినప్పుడు వెతికితే, హోటళ్లు చవగ్గా తెప్పించుకున్న స్పెయిన్ గుడ్లు బయటపడ్డాయి. వాటి మీద సింహం లేదు. 2016లో ఆహార సూక్ష్మజీవుల నిపుణుల సలహా కమిటీ, సింహం ముద్ర గుడ్లలో ప్రమాదం చాలా తక్కువని తేల్చింది. 2017 అక్టోబర్‌లో ఆహార ప్రమాణాల సంస్థ, ఈ ముద్ర ఉన్న గుడ్లను పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు పచ్చిగానైనా, సగం ఉడికినవైనా తినొచ్చని ప్రకటించింది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిని డాక్టర్ల పర్యవేక్షణలో తిండి తినేవాళ్లను మాత్రం మినహాయించింది. ముద్ర లేని గుడ్డుకు ఆ మాట వర్తించదని కూడా స్పష్టంగా చెప్పింది. మనదాకా చేరిన వార్తల్లో ఈ చివరి వాక్యమే రాలిపోయింది.

మనదగ్గర గుడ్డును తక్కువ చేసి మాట్లాడటం లేదు నేను. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందుండే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి. 1982లో మొదలైన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఇచ్చే రోజు ధర పేపర్లో చూడందే వ్యాపారి ట్రే కదపడు. ధర మీద ఇంత క్రమశిక్షణ తెచ్చుకోగలిగిన పరిశ్రమకు మరో క్రమశిక్షణ చేతకాకపోదు. కొక్కెర తెగులుకు టీకా వేయించడం మన ఫారం రైతుకు కొత్త కాదు. సాల్మొనెల్లాకు తప్పనిసరి టీకా, మందకు పరీక్ష, గుడ్డు మీద ఏ ఫారందో చెప్పే ముద్ర, ఈ మూడూ అందుబాటులో లేనివి కావు. మయోనైజ్ నిషేధం మంచిదే, అవసరమే. కానీ అది 1988 ఆగస్టు హెచ్చరిక లాంటిది. ప్రభుత్వం అక్కడ ఆగిపోతే, నిషేధం గడువు దాటిన మర్నాడు షెడ్డులో కోడి నిన్నటిలాగే ఉంటుంది. కేరళ, తమిళనాడు కూడా పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించాయి. షెడ్డు గురించి మాట్లాడిన రాష్ట్రం ఇంకా నా కళ్లబడలేదు.

పాలలో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగే అలవాటు మన తాలింఖానాల్లో పాతది, జిమ్‌లలో కొత్తది. దాని గురించి ఒక్క ముక్క. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తుల్లో దాదాపు 90 శాతం ఒంటికి పడుతుంది, పచ్చిదానిలో సగమే. కండకోసం అయితే ఉడికించుకోవడమే లాభం.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి కూతురికి ఇప్పుడు ఐదో నెల. "అత్తా, అక్కడి డాక్టర్లు తినొచ్చంటున్నారుగా, నాకు హాఫ్ బాయిల్ అంటే ప్రాణం" అంది ఫోన్‌లో. "అది ఇక్కడి కోడికి చెప్పిన మాటమ్మా, నీకు చెప్పింది కాదు" అన్నాను. నాటుకోడి గుడ్డయితే ఫర్వాలేదు కదా అని అడిగింది. పెరట్లో తిరిగే కోడికి టీకా ఎవరు వేశారు? రెట్టలో, మట్టిలో తిరిగే కోడి అది, నమ్మకానికి ఆధారం లేదు. కాన్పు అయ్యేదాకా గుడ్డు పది నిమిషాలు ఉడకాలని, పొరటు అయితే పెనం మీద తడి పూర్తిగా ఆరాలని, బుల్స్ ఐ రెండువైపులా కాలాలని చెప్పాను. పగుళ్లున్న గుడ్డు తెచ్చుకోవద్దని, పచ్చిగుడ్డు ముట్టుకున్న చేత్తో పెరుగు గిన్నె తీయొద్దని కూడా. షవర్మా తినాలనిపిస్తే మయోనైజ్ గుడ్డు లేనిదో, పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసిన సీసాలోదో అడిగి తెలుసుకోమన్నాను, సమాధానం తడబడితే వద్దనమన్నాను. బిడ్డ పుట్టాక ఇక్కడికి వస్తానంటోంది. వస్తే కప్పులో నిలబెట్టి, వెన్న రాసిన సోల్జర్లతో, ఐదు నిమిషాల గుడ్డు నేనే పెడతాను.