గంధపు చేవ, మట్టి పొయ్యి

1914లో ఐరోపాలో యుద్ధం మొదలైనప్పుడు మైసూరు సంస్థానంలో దెబ్బ తిన్న సరుకుల్లో గంధపు చెక్క ఒకటి. గంధపు చెట్టు అక్కడ రాజుగారి సొత్తు. రైతు పొలం గట్టున మొలిచినా అది సర్కారుదే. ఏటా దుంగలు వేలం వేస్తే వచ్చే సొమ్ము ఖజానాకు గట్టి ఆసరాగా ఉండేది. ఆ దుంగల్లో పెద్ద వాటా ఓడలెక్కి జర్మనీ వెళ్లేది, ఎందుకంటే శుద్ధమైన నూనెను పెద్ద ఎత్తున తీసే కార్ఖానాలు అక్కడ ఉండేవి. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పరిశ్రమల శాఖ చూస్తున్నవాడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్. కొనేవాడు లేని దుంగల్ని ఏం చేయాలన్న ప్రశ్న చివరికి బెంగళూరులో కొత్తగా వెలిసిన ఒక విద్యాసంస్థ గుమ్మం తొక్కింది. దాని అసలు పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. ఊరి జనం నోట మాత్రం అది టాటా ఇన్‌స్టిట్యూట్. అక్కడి రసాయన శాస్త్రవేత్తలు సడ్బరో, వాట్సన్ ఆ పని నెత్తికెత్తుకున్నారు. 1916లో బెంగళూరులో నూనె తీయడం మొదలైంది, మరుసటి ఏడు మైసూరులో పెద్ద కార్ఖానా లేచింది. ఈ నూనె చేతిలో ఉండబట్టే కొద్దికాలానికి మైసూరు శాండల్ సబ్బు కూడా వచ్చింది.

ఈ కథను దేశభక్తి కథగానో వ్యాపార కథగానో చెప్పడం అలవాటు. నాకు అందులో మరో సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. గంధంలో నూనె ఉండేది చేవలోనూ వేళ్లలోనూ, పైనున్న తెల్లచెక్కలో కాదు. చేవ గట్టిది, పొడి కొడితే తప్ప ఆవిరి లోపలికి దూరదు. నూనెలో ప్రధాన భాగమైన శాంటలాల్ బరువైన పదార్థం, తొందరగా ఆవిరి కాదు. మంట పెంచితే వాసన చెడుతుంది, తగ్గిస్తే బట్టీ రోజుల తరబడి నడవాలి. పొడి ఎంత సన్నగా ఉండాలి, ఆవిరి ఏ ఒత్తిడిలో పోవాలి, చల్లబరిచే గొట్టం ఎంత పొడుగుండాలి? ఇందులో ఏది రసాయన శాస్త్రం, ఏది ఇంజనీరింగ్? అణువు గుణం తెలియనివాడు బట్టీ కట్టలేడు, బట్టీ తెలియనివాడికి అణువు గుణం నాలుగు చుక్కల నూనె దగ్గరే ఆగిపోతుంది. ముందు శాస్త్రం సత్యాన్ని కనిపెడుతుంది, తర్వాత ఇంజనీరు దాన్ని వాడుకుంటాడు అనే క్రమాన్ని మనం బడి నుంచీ నమ్ముతూ వచ్చాం. బెంగళూరు చరిత్ర చూస్తే ఆ క్రమం నిలవదు. ఆ సంస్థలో గట్టి పని ఎప్పుడు జరిగినా ఈ రెండు విద్యల సరిహద్దు మీదే జరిగిందనీ, ఆ సరిహద్దుకు గోడ కట్టబోయిన ప్రతిసారీ నష్టమే మిగిలిందనీ నా వాదన.

సంస్థ పుట్టుకలోనే ఈ కలయిక ఉంది. జంషెట్జీ టాటా ఆలోచన 1890లలో మొదలైంది, 1904లో ఆయన పోయాక 1909లో సంస్థ రూపం దాల్చింది, 1911లో తరగతులు ఆరంభమయ్యాయి. స్థలం ఇచ్చింది మైసూరు రాజ్యం. మొదటి డైరెక్టరు మోరిస్ ట్రావర్స్, రసాయన శాస్త్రవేత్త రామ్సేతో కలిసి 1898లో నియాన్, క్రిప్టాన్, జినాన్ వాయువుల్ని కనిపెట్టినవాడు. అంతటి శుద్ధ శాస్త్రవేత్త నడిపిన చోట మొదటి విభాగాల్లో రసాయన శాస్త్రం పక్కనే అనువర్తిత రసాయనం, విద్యుత్ సాంకేతికం ఉన్నాయి. మైసూరు రాజ్యంలో 1902 నుంచే శివనసముద్రం జలపాతం కరెంటు సుమారు 147 కిలోమీటర్లు ప్రయాణించి కోలారు బంగారు గనుల యంత్రాలు తిప్పుతోంది. అలాంటి నేల మీద విద్యుత్తు పాఠ్యపుస్తకంలోని అధ్యాయంగా మిగలదు కదా. గంధపు నూనె తీసిన వాట్సన్ జీవితమే చూడండి. నియాన్ వాయువు సాంద్రతను అతి సూక్ష్మంగా కొలవడంతో ఆయన పేరు తెచ్చుకున్నాడు. బెంగళూరు వదిలాక 1934లో లండన్‌లో కెమికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడయ్యాడు. ఆయన దారి మారలేదు, చేస్తున్న పనికి పేరు మారిందంతే.

గంధపు నూనె తీయడం పరిశోధన ఎలా అవుతుంది, కన్నౌజ్ అత్తరువాళ్లు తరతరాలుగా చేస్తున్నదేగా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అత్తరు కాచేవాళ్ల నేర్పును తక్కువ చేయడానికి లేదు. కానీ అప్పట్లో గంధపు నూనె మందు కూడా. బ్రిటిష్ ఔషధ ప్రమాణ గ్రంథం దానికి శాంటలాల్ పాళ్లు నిర్ణయించింది, నూటికి తొంభై పాళ్లకు తగ్గకూడదు. వాసన చూసి మంచిదని చెబితే లండన్ వ్యాపారి కొనడు, విశ్లేషణ చూపాలి. అంటే బట్టీలో ప్రతి మార్పునూ ప్రయోగశాల కొలిచి చెప్పాలి, ప్రయోగశాల చెప్పినదాన్ని బట్టీ చేసి చూపాలి. ఈ రాకపోకల్నే నేను పరిశోధన అంటున్నాను.

ఇంతకంటే బలమైన అభ్యంతరం సి.వి. రామన్ పేరుతో వస్తుంది. 1933లో ఆయన డైరెక్టరుగా వచ్చి భౌతిక శాస్త్ర విభాగం నెలకొల్పాడు. పరిశ్రమల పనులు చేసిపెడుతూ పోతే ఉన్నత శాస్త్రం ఎదగదని నమ్మేవాళ్లకు అది కొత్త ఉదయంలా తోచింది. ఉన్న నిధులు ఒక్క విభాగానికే పోతున్నాయని మిగతావాళ్లు మండిపడ్డారు. 1936లో సంస్థ నడకను పరిశీలించడానికి ఇర్విన్ కమిటీ వచ్చింది, 1937లో రామన్ డైరెక్టరు పదవి వదులుకుని ఆచార్యుడిగా మిగిలాడు. ఈ తగాదాలో ఎవరిది తప్పు అన్న చర్చ నేటికీ తెగలేదు. అయితే ఆ నాలుగేళ్లలో అక్కడ జరిగిన అందమైన పని ఏదని అడిగితే, రామన్, నాగేంద్రనాథ్ కలిసి 1935, 36లలో రాసిన పత్రాల్నే చూపాలి. ద్రవంలో అతిధ్వని తరంగాలు సాగుతుంటే దాని గుండా పోయే కాంతి ఎలా చీలుతుందో గణితంతో తేల్చిన సిద్ధాంతం అది. శుద్ధ శాస్త్రానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదనిపిస్తుంది. కానీ ఆ అతిధ్వని ఎక్కడిది? క్వార్ట్జ్ స్ఫటికాన్ని విద్యుత్తుతో కంపింపజేస్తే పుట్టింది. ఆ పరికరం మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల్ని పసిగట్టడానికి ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త లాంజెవాన్ చేసిన ప్రయత్నం నుంచి వచ్చింది. ఇంజనీరింగ్ అవసరం ఒక పనిముట్టునిచ్చింది, పనిముట్టు ఒక వింత దృశ్యాన్ని చూపింది, ఆ దృశ్యానికి బెంగళూరులో గణితం దొరికింది. దశాబ్దాల తర్వాత లేజర్లు వచ్చాక కాంతిని ధ్వనితో మళ్లించే పరికరాలు చేసేవాళ్లు అదే గణితాన్ని చేతపట్టుకున్నారు. వాళ్ల పరిభాషలో ‘రామన్-నాథ్’ ఇప్పుడు మామూలు మాట. రామన్ వైపు వాదించేవాళ్లు చూపే సాక్ష్యమే గోడ లేదని చెబుతోంది. తక్షణ ప్రయోజనం అడగకుండా శాస్త్రాన్ని వదిలేయాలన్న ఆయన పట్టుదలలో నిజం ఉంది, దాన్ని నేను కాదనను. ప్రయోజనం అడగకపోవడం వేరు, పనిముట్టు చేసేవాణ్ణి దూరం పెట్టడం వేరు.

రెండో యుద్ధం నాటికి జ్ఞానచంద్ర ఘోష్ డైరెక్టరు. 1940లో బెంగళూరులోనే హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్ఖానా పుట్టింది, 1942లో సంస్థలో విమాన శాస్త్ర విభాగం మొదలైంది. యుద్ధం కోసం పుట్టిన చదువు యుద్ధానికే ఊడిగం చేస్తుందన్న భయం ఉండవచ్చు. ఇక్కడ అలా జరగలేదు. 1951లో చేరిన సతీశ్ ధవన్ సూపర్‌సోనిక్ గాలి సొరంగాలు కట్టించి, గాలి పొరల ప్రవర్తన మీద మౌలికమైన పని చేయించాడు. సూరి భగవంతం 1957 నుంచి 1962 దాకా సంస్థను నడిపాక ధవన్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1972 నుంచి అంతరిక్ష సంస్థనూ ఆయనే చూశాడు. శ్రీహరికోటకు ఆయన పేరుంది గనుక తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

ఆగవలసింది శాస్త్ర సాంకేతికాల్ని పల్లెలకు చేర్చడానికి సంస్థలో 1974లో మొదలైన ఆస్త్రా దగ్గర. దాన్ని నడిపించిన అమూల్య రెడ్డి ఎలక్ట్రోకెమిస్ట్. బోక్రిస్‌తో కలిసి ఆయన రాసిన పాఠ్యగ్రంథం ప్రపంచమంతా చదివింది. ఆ మనిషి తుమకూరు జిల్లా ఉంగ్రా చుట్టుపక్కల పల్లెల్లో ఏ పనికి ఎంత శక్తి ఖర్చవుతోందో లెక్కగట్టబోతే, సింహభాగం వంట కట్టెలదని తేలింది. దాన్నుంచి వచ్చిందే ఆస్త్రా పొయ్యి. కన్నడంలో దాన్ని ఆస్త్రా ఒలె అన్నారు. పొయ్యి మీద పరిశోధనేమిటి అని తీసిపారేసేవాళ్లు మామూలు పొయ్యి నోట్లోకి చూడాలి. తెరిచి ఉన్న నోటి గుండా కావలసినదానికంటే ఎక్కువ గాలి చొరబడి మంటను చల్లారుస్తుంది. కట్టె నుంచి లేచిన వాయువులు పూర్తిగా కాలకుండానే పొగై ఇల్లాలి కళ్లలోకి పోతాయి. ఆస్త్రా వాళ్లు నోటికి మూత పెట్టారు, అడుగున ఇనుప జల్లెడ వేసి గాలిని కింది నుంచే రానిచ్చారు, వేడి గాలిని వరుసగా మూడు గిన్నెల కింద నడిపించి పొగగొట్టంలోకి పంపారు. దహనం, ఉష్ణ ప్రసరణ, వాయు ప్రవాహం, ఈ మూడూ విమాన ఇంజను దగ్గర పుట్టే ప్రశ్నలే. అయితే ఇక్కడ కొలతలు నిలబెట్టవలసింది మట్టిలో. గిన్నెకూ పొయ్యి అంచుకూ మధ్య వేలెడు సందుంటే చాలు, గొట్టం ఎంత బాగున్నా పొగ అక్కడి నుంచే బయటికొస్తుంది. అందువల్ల పొయ్యి కట్టేవాడు ముందుగా ఆ ఇంట్లో అన్నం వండే గిన్నె తెప్పించుకుని, దాని అడుగు కొలిచి, ఆ తర్వాతే మట్టి కలపాలి.