తూటాకు తగ్గ కవచం

ఏ కవచమైనా అన్ని ఆయుధాలనూ ఆపదు. తయారుచేసినవాడు ఏ దెబ్బను దృష్టిలో పెట్టుకున్నాడో ఆ దెబ్బనే ఆపుతుంది. పాత ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల చరిత్రే దీనికి సాక్ష్యం. కత్తివేటును తట్టుకునే కవచాలకు పనికొచ్చిన మేలైన ఉక్కు ఈ ప్రాంతంలో తయారై పర్షియా దాకా వెళ్లింది. గోలేటి, బెల్లంపల్లి బొగ్గు గనులకు ఆనుకొని ఉన్న ఆసిఫాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌లో 1940లో గోండు నాయకుడు కొమురం భీం, ఆయన అనుచరులు నిజాం పోలీసుల తుపాకులకు ఎదురు నిలిచినప్పుడు మాత్రం వాళ్ల ఒంటిమీద ఏ రక్షణా లేదు. కవచాన్ని చేయగల నేలలో కవచం అవసరమైనవాళ్లకు అది అందలేదు.

ఆ ఉక్కుకు పేరుపడిన ఊరు కోనసముద్రం. బ్రిటిష్ వారి మహా త్రికోణమితి సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ 1820ల నాటికి అక్కడి కొలుములను చూసి రాసిన వర్ణన ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి వంటి చోట్ల దొరికే అయస్కాంత ఇనుపరాయిని కరిగించి ముద్ద ఇనుము తీసేవారు. దాన్ని మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, బొగ్గుల మధ్య రోజంతా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చేవారు. ఇనుములో సుమారు ఒకటిన్నర శాతం కర్బనం చేరి, మెత్తని ఇనుముకు లేని గట్టిదనం వచ్చేది. ఈ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి స్వయంగా వచ్చి, మూసల దగ్గరే ఉండి సరుకు చూసుకొని తీసుకెళ్లేవారు. డమాస్కస్ కత్తులుగా లోకం పిలిచే వాటిలో చాలా వాటి పుట్టుక ఇలాంటి దక్కన్ ఊళ్ల కొలుముల్లోనే ఉంది. ఆ కమ్మరుల పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

మధ్యయుగ దక్కన్ యోధుడు వేసుకున్నది వేలాది ఇనుప కడియాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లిన జిరా. దాని మీద ఛాతీకి, వీపుకు, రెండు పక్కలకు నాలుగు ఉక్కు పలకలు కట్టే చార్ ఆయినా ధనికులకే దక్కేది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళితే ఆ కాలపు కవచాలను దగ్గర నుంచి చూడవచ్చు. జిరా కత్తి అంచును ఆపేది, బాణం జోరును తగ్గించేది. తుపాకీ గుండు ముందు నిలిచేది కాదు. సీసపు గుండు తగిలిన చోట కడియాలు తెగి, గుండుతోపాటు ఒంట్లోకి దిగేవి. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాద్‌లో తోపుల కార్ఖానా పెట్టేసరికి జిరా యుద్ధం నుంచి తప్పుకొని దర్బారు అలంకారంగా మారిపోతోంది. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆ కార్ఖానా వల్లనే నేటికీ నగరంలో నిలిచింది.

ఐరోపాలో మాత్రం కమ్మరులు తుపాకీతో పోటీకి దిగారు. ఛాతీ పలకను చేశాక దానిమీద పిస్టల్‌తోనో, మస్కెట్‌తోనో కాల్చి, పడిన సొట్టను చెరిపేయకుండా అలాగే ఉంచేవారు. ఆ సొట్టే కొనుగోలుదారుకు హామీపత్రం. ఎంత దూరం నుంచి, ఏ ఆయుధంతో కాల్చారన్నది ధరను నిర్ణయించేది. నేటి ప్రయోగశాలల్లోని పరీక్ష కూడా మూలంలో ఇదే.

లోహపు తొడుగున్న తూటా వచ్చాక చేతి తుపాకులు కొలతల వారీగా విడిపోయాయి. అమెరికాలో 1890ల చివర పాయింట్ 38 స్పెషల్ వచ్చింది. జర్మన్ రూపకర్త గేయార్గ్ లూగర్ 1902లో 9 ఎంఎం పారాబెల్లంను తెచ్చాడు. ఫిలిప్పీన్స్ యుద్ధంలో చిన్న రివాల్వర్ తూటా ఎదుటివాణ్ని ఆపలేకపోయిందన్న అమెరికా సైన్యం ఫిర్యాదు నుంచి జాన్ బ్రౌనింగ్ చేతిలో పాయింట్ 45 పుట్టింది. బ్రిటిష్ అధికారులు పెద్ద పాయింట్ 455 వెబ్లీని మోసుకు తిరిగారు. 1930లలో దాని స్థానంలో తేలికైన పాయింట్ 38 ఎన్‌ఫీల్డ్ వచ్చింది. స్వతంత్ర భారతంలో బ్రౌనింగ్ నమూనా మీద ఇషాపూర్‌లో 9 ఎంఎం పిస్టల్ తయారైంది. 1959 ఆయుధాల చట్టం కింద 9 ఎంఎం వంటి నిషిద్ధ బోర్లు పోలీసులకు, సైన్యానికి పరిమితం కావడంతో లైసెన్సు పొందిన పౌరుడికి పాయింట్ 32 రివాల్వర్ వంటివే దిక్కయ్యాయి.

ఈ తూటాల్లో ఏది కవచాన్ని దాటుతుందన్న ప్రశ్నకు చాలామంది తూటా పెద్దదైతే బలమూ ఎక్కువేనని జవాబిస్తారు. లెక్క దానికి ఎదురు తిరుగుతుంది. పాయింట్ 45 తూటా బరువు 14.9 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 260 మీటర్లు, శక్తి దాదాపు 500 జౌల్స్. 9 ఎంఎం తూటా 8 గ్రాములే ఉన్నా 370 మీటర్ల వేగంతో దాదాపు 550 జౌల్స్ మోసుకొస్తుంది. అసలు తేడా అది తాకే చోటులో ఉంది. 11.5 మిల్లీమీటర్ల వెడల్పున్న పాయింట్ 45 తన శక్తిని చదరపు మిల్లీమీటరుకు సుమారు 5 జౌల్స్ చొప్పున పంచితే, 9 ఎంఎం 8 జౌల్స్‌కు పైగా మోపుతుంది. 1930 నాటి సోవియట్ టోకరేవ్ పిస్టల్ తూటా వ్యాసం 7.8 మిల్లీమీటర్లే, బరువు 5.5 గ్రాములే. అయినా వేగం వల్ల అది 10 జౌల్స్ దాటుతుంది. పాయింట్ 32 రివాల్వర్ మొత్తం శక్తి 150 జౌల్స్ దగ్గరే ఆగుతుంది. ఏకే-47 తూటా దాదాపు 2000 జౌల్స్‌తో, చదరపు మిల్లీమీటరుకు 40 జౌల్స్‌తో వస్తుంది. పిస్టల్‌కూ రైఫిల్‌కూ మధ్య ఉన్నది చిన్న మెట్టు కాదు, అగాథం. పిస్టల్‌ను ఆపే జాకెట్‌ను నమ్ముకొని రైఫిల్ ఎదుట నిలబడటం ప్రాణాంతకం.

బట్టతో తూటాను ఆపవచ్చన్న ఆలోచన 1890లలోనే వచ్చింది. చికాగోలో కాజిమిర్ జెగ్లెన్ పట్టుతో నేసిన చొక్కా నల్ల తుపాకీమందు రివాల్వర్ల మెల్లని తూటాలను ఆపగలిగింది. వేగమైన తూటాలు రాగానే అది ఓడిపోయింది. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన పదార్థం కెవ్లార్‌గా మారి 1970లలో ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోసింది. పొరలు పొరలుగా పేర్చిన ఆ నేత తూటాను వలలా పట్టుకుంటుంది. మెత్తని సీసం, రాగి తొడుగు ఉన్న పిస్టల్ తూటా తగలగానే నలిగి వెడల్పవుతుంది, దారాలు దాని జోరును చుట్టూ పంచేస్తాయి. లోపల ఉక్కు ముక్క ఉన్న తూటా నలగదు, దారాలను పక్కకు తోసుకొని పోతుంది. అందుకే కొలత ఒకటే తెలిస్తే చాలదు. తూటా లోపల ఏముందో, ఎంత వేగంతో వస్తుందో కూడా తెలియాలి. అదే 9 ఎంఎం తూటా పిస్టల్ నుంచి కాక కార్బైన్ పొడవు గొట్టం నుంచి వస్తే వేగం ఇంకా పెరుగుతుంది.

అమెరికా న్యాయశాఖకు చెందిన పరిశోధనా సంస్థ 1972లో ఈ జ్ఞానాన్ని ప్రమాణంగా రాసింది. 2008 నాటి సవరణలో మెత్తని కవచాలకు మూడు అంచెలు ఉండేవి. మొదటిది సాధారణ 9 ఎంఎంను, రెండోది మరింత వేగమైన 9 ఎంఎంను, పాయింట్ 357 మాగ్నమ్‌ను, మూడోది పాయింట్ 44 మాగ్నమ్‌ను ఆపాల్సి ఉండేది. ఆ పైన రైఫిళ్లకు పలకల అంచెలు వేరు. తూటా ఆగితే సరిపోదు. పరీక్షలో కవచం వెనక పెట్టిన మట్టిలో పడే గుంట 44 మిల్లీమీటర్లు మించకూడదు. తూటా దాటకపోయినా ఆ దెబ్బకు పక్కటెముకలు విరగవచ్చు, లోపలి అవయవాలు చితకవచ్చు.

తెలంగాణలో పోలీసు కవచం చర్చ పిస్టల్ చుట్టూ కన్నా రైఫిల్, మందుపాతర చుట్టూనే తిరిగింది. 1980లలో బొగ్గు గనుల ప్రాంతం, గోదావరి తీరం తీవ్రవాద ఘర్షణలకు కేంద్రమయ్యాయి. వాటిని ఎదుర్కోవడానికి 1989లో గ్రేహౌండ్స్ పోలీసు దళం ఏర్పడింది. దాన్ని నిర్మించిన ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో ఉదయం పరుగుకు వెళ్లినప్పుడు కాల్చి చంపారు. కవచం వేసుకోని వేళ ఏ ప్రమాణమూ కాపాడదు. 2003 అక్టోబర్ 1న తిరుపతి దగ్గరి అలిపిరిలో మందుపాతరలు పేలినప్పుడు అప్పటి ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బతకడానికి ఆయన ఎక్కిన బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్ కారు ముఖ్య కారణం. కవచం ఒంటికే కాదు, వాహనానికీ అవసరమని ఆ రోజు తేలింది.

అప్పటికే హైదరాబాద్ కంచన్‌బాగ్ దేశానికి కవచ లోహాల కేంద్రంగా మారింది. 1963లో రక్షణ లోహ పరిశోధన శాల, 1973లో మిశ్ర ధాతు నిగమ్ అక్కడ వెలిశాయి. అర్జున్ ట్యాంకు కవచానికి కంచన్ అన్న పేరు ఈ పేటను బట్టే పెట్టారు. మిధాని అని అందరూ పిలిచే ఆ నిగమ్, భాభా అణు పరిశోధనా కేంద్రం పరిజ్ఞానంతో చేసిన భాభా కవచ్ జాకెట్ 2019లో బయటికొచ్చింది. అందులో బోరాన్ కార్బైడ్ పలక ముందు ఉంటుంది. వజ్రం తరువాత అతి గట్టి పదార్థాల్లో ఒకటైన ఆ పలక రైఫిల్ తూటాను పగలగొడుతుంది, వెనకనున్న నార మిశ్రమం ముక్కలను పట్టుకుంటుంది. ఆ పనిలో పలక తాను కూడా పగులుతుంది. అందువల్ల ఎన్ని తూటాలకు నిలుస్తుందన్నది ప్రమాణంలో తప్పక ఉండాలి.

మన దేశానికి సొంత ప్రమాణం 2018లో మాత్రమే వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ ఆ ఏడాది ఆరు ముప్పు స్థాయిలను నిర్ణయించింది. అవి కింద 9 ఎంఎం వంటి తూటాలతో మొదలై, పైన ఉక్కు ముక్కతో కవచాన్ని చీల్చే రైఫిల్ తూటాలతో ముగుస్తాయి. 2024లో కాన్పూర్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఆరో స్థాయికి తగిన జాకెట్‌ను ప్రకటించింది. అంతకు ముందు దశాబ్దాల పాటు కొనుగోళ్లు విదేశీ ప్రమాణాల మీద, శాఖల వారీ నిబంధనల మీద నడిచాయి. దాని భారం మోసింది కింది స్థాయి జవాన్లు, కానిస్టేబుళ్లే.

ఎండ కూడా ఇక్కడ తూటా అంత శత్రువే. రామగుండం, గోదావరిఖని, గోలేటిలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పది కిలోల జాకెట్ వేసుకొని రోజంతా బందోబస్తు చేయడం మాటలు కాదు. భరించలేక విప్పి పక్కన పెట్టినవాణ్ని తప్పుపట్టడం న్యాయం కాదు. చెమట, తేమ, సూర్యకాంతి నేత బలాన్ని ఏళ్ల తరబడి తినేస్తాయి. 2000ల మొదట్లో అమెరికాలో జైలాన్ నారతో చేసిన చొక్కాలు వాడుకలోనే బలహీనపడి, వాటిని మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. మెత్తని ప్యానెళ్లకు తయారీదారులు సాధారణంగా ఐదేళ్ల హామీ ఇస్తారు. లోపలి పట్టీ మీద ముప్పు స్థాయి, తయారీ తేదీ రాసి ఉంటాయి. పోలీసు స్టోర్లు వాటిని ఏటా చూసి, గడువు దాటిన జాకెట్లను బందోబస్తుకు పంపకుండా పక్కన పెట్టాలి. వేసుకునే కానిస్టేబుల్‌కు అది ఏ తూటాను ఆపుతుందో, ఏది ఆపదో ముందే చెప్పాలి.