కంటికి ఆననిది, తెరకు ఆదా

పాణ్యం బస్టాండు దగ్గర టీ కొట్టులో ఆడే టీవీలోనైనా, చేతిలో ఉన్న ఫోనులోనైనా వీడియో నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అందులో రంగుల వివరాలను ముప్పావు వంతు తీసేసి మనకు పంపుతున్నారంటే నమ్మబుద్ధి కాదు. అయినా అది నిజం. తొంభై ఏళ్ల పైచిలుకుగా తెరలు చేసేవాళ్లు ముందు మనిషి కంటిని చదువుకుని, ఆ తర్వాతే యంత్రం మీద చెయ్యి వేస్తున్నారు.

మొదటి చిక్కు మినుకుమినుకులతో వచ్చింది. సెకనుకు 25 బొమ్మలు చూపిస్తే కదలిక సాఫీగానే ఉంటుంది గానీ తెర కళ్ల ముందు కొట్టుకుంటుంది. 50 చూపిద్దామంటే తరంగాల్లో అంత చోటు లేదు. జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లో దీనికి దారి చూపాడు. బొమ్మలోని బేసి గీతలు ముందు, సరి గీతలు తర్వాత పంపాలి. కంటిలో మొదటి సగం ముద్ర చెరిగేలోపే రెండో సగం వచ్చి కలుస్తుంది. 1936 నవంబరులో లండన్ నుంచి బీబీసీ మొదలుపెట్టిన 405 గీతల ప్రసారాలకు ఇదే పద్ధతి ఊపిరి. మన దూరదర్శన్ 625 గీతల బొమ్మా ఇలా రెండు విడతల్లోనే వచ్చేది.

రంగుల దగ్గర కంటి లోపం ఇంకా బాగా అక్కరకొచ్చింది. వెలుగునీడల తేడాను కన్ను సన్నటి గీతలో కూడా పసిగడుతుంది. రంగుల తేడాను అంత సూక్ష్మంగా పట్టలేదు. చూపు నిలిచే నట్టనడుమ నీలాన్ని గుర్తించే కణాలు దాదాపు ఉండనే ఉండవు. ఫ్రాన్సులో జార్జ్ వాలెన్సీ 1938లోనే వెలుగును, రంగును విడదీసి పంపే ఉపాయానికి పేటెంటు కోరాడు. అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ ఇంజనీరు ఆల్డా బెడ్‌ఫోర్డ్, సన్నటి వివరాలకు రంగు అద్దకపోయినా చూసేవారికి తేడా తెలియదని 1950లో చూపించాడు. 1953లో ఖాయమైన అమెరికా రంగుల పద్ధతి, 1963లో వాల్టర్ బ్రూఖ్ వెలువరించిన పాల్ పద్ధతి ఈ పునాది మీదే లేచాయి.

మన దేశంలో 1975 ఆగస్టులో సైట్ అనే ప్రయోగం ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీని తెచ్చింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ వచ్చేవి. అప్పటి బొమ్మ నలుపు తెలుపు. 1982లో దేశం పాల్ పద్ధతిలో రంగుల్లోకి మారినప్పుడు పాత సెట్లు మూలపడలేదు. వెలుగు భాగం విడిగా వచ్చేది కాబట్టి అవి దాన్ని తీసుకుని ఎప్పటిలాగే ఆడాయి. రంగుల టీవీ కొనే స్తోమత లేని ఇళ్లకు ఇది ఎంత పెద్ద మేలో ఆ రోజులు చూసినవారికి తెలుసు.

డిజిటల్ కాలంలోనూ ఈ పొదుపు కొనసాగింది. ఇవాళ మనం చూసే వీడియోల్లో చాలావాటిలో నాలుగు చుక్కలకు నాలుగు వెలుగు కొలతలు ఉంటే, రంగు కొలతల జత ఒక్కటే. తెర తయారీలోనూ ఇదే కిటుకు ఉంది. ఫోను తెరపై చిన్న నీటి బొట్టు వేసి చూడండి. అది భూతద్దంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గింజలను విడివిడిగా చూపిస్తుంది. చాలా ఫోన్లలో ఆకుపచ్చ గింజలే ఎక్కువ. వెలుగును కన్ను ఆకుపచ్చలో బాగా పట్టుకుంటుందని క్యాండిస్ బ్రౌన్ ఎలియట్ రూపొందించిన పెన్‌టైల్ అమరిక అది.

అయితే ఈ ఆదాకు తెలుగు అక్షరం మూల్యం చెల్లిస్తోంది. వార్తా చానల్ పట్టీలో నీలం మీద ఎర్రటి అక్షరాలతో ‘పాణ్యం’ అని వేస్తే ‘ణ’ కింది యవత్తు అంచులు పక్క రంగులోకి కరిగిపోతాయి. ఎరుపు, నీలాల మధ్య వెలుగు తేడా తక్కువ. అక్షరం ఆకారమంతా రంగు మీదే ఆధారపడుతుంది, ఆ రంగులోనే కోత పడింది. అదే పేరు నలుపు మీద తెలుపులో వేస్తే వత్తు కొసదాకా తేటగా ఉంటుంది. కంప్యూటర్లలో 1998లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్లియర్‌టైప్ కూడా మొదట్లో అడ్డంగానే నునుపు పెంచింది. అక్షరం కిందికి వేలాడే మన వత్తులకు దానివల్ల దక్కింది తక్కువ.

కంటి లోపం లోకమంతటికీ ఒక్కటే, చదివే లిపి మాత్రం వేరు. కాబట్టి తెలుగు తెరకు ఫాంట్లు గీసేవారు, పట్టీలు వేసేవారు తమ పనిని వత్తుల మీదే పరీక్షించుకోవాలి. ముదురు రంగు మీద లేత అక్షరం, కాస్త బలమైన వత్తు: ఈ రెండూ పాటిస్తే ఖర్చేమీ లేకుండానే మన భాష తెర మీద స్పష్టంగా నిలుస్తుంది.