అక్షరం నేర్పినవారి పేర్లు: సంఘ చరిత్రలో ఒక బాకీ

ఎజ్రా ధర్మశాస్త్రం చదివిన దినాన, జనులకు దాని భావం తెలియజేసినవారి పేర్లు పదమూడు నెహెమ్యా 8:7లో వరుసగా ఉన్నాయి. బోధించినవారిని పేరుతో జ్ఞాపకముంచుకోవడం లేఖన పద్ధతి. సంఘ చరిత్రలో మనం ఈ పద్ధతిని పాటించామా?

అమెరికా మిషనరీ ఫ్రాంక్ లాబాక్ 1930లో ఫిలిప్పీన్స్‌లోని లానావోలో, మరానావో ముస్లిముల మధ్య వయోజన విద్య ఆరంభించారు. ఆర్థిక మాంద్యం వల్ల ఉపాధ్యాయులకు జీతాలివ్వలేని స్థితి వచ్చింది. అప్పుడు, నేర్చుకున్న ప్రతి ఒక్కరూ మరొకరికి నేర్పాలని పట్టుబట్టినది ఒక ముస్లిం పెద్ద. ఆ పద్ధతినే లాబాక్ 1935లో మన దేశానికి తెచ్చారు. 1984లో అమెరికా ఆయన పేర తపాలా బిళ్ల వెలువరించింది. ఆ ఘనత తగినదే. అయితే ఆ పెద్దను మనలో ఎందరు ఎరుగుదురు?

మన నెల్లూరు జిల్లా సంగతీ ఇంతే. 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడుల్లో చదువుకున్న దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రోశమ్మ పేరు నిలిచింది. పలక పట్టించిన వేలాది స్వచ్ఛంద కార్యకర్తల పేర్లు మరుగునపడ్డాయి.

బాప్తిస్మాలు లెక్క వ్రాసే మన రిజిస్టర్లలో, పెద్దలకు బైబిలు చదవడం నేర్పిన సహోదరికి ఒక్క పంక్తి ఉందా? 1967 నుండి సెప్టెంబరు 8 అంతర్జాతీయ అక్షరాస్యతా దినం. ఆ వారపు ఆరాధనలో, గ్రామంలో అక్షరం నేర్పినవారిని, వారు ఏ మతస్థులైనా, పేరు పెట్టి పిలిచి సన్మానిద్దాం. ఆ పేర్లు సంఘ పుస్తకంలో వ్రాసి ఉంచుదాం.