ఆకాశమున కాపురము

నేలను విడిచి నింగికి పోవలెనను కోరిక మానవజాతికి నిన్న మొన్న పుట్టినది కాదు. సశరీరముగా స్వర్గమునకు పోగోరి నడుమ నిలిచిపోయిన త్రిశంకుని కథ తెలుగునాట పిన్నలకును తెలిసినదే. పురాణము చెప్పిన ఆ కోరికకు శాస్త్రము మార్గము చూపినది మాత్రము గడచిన నూటయిరువది సంవత్సరములలోనే. ఈ స్వల్పకాలములో మానవుడు భూమిని విడుచుట నేర్చెను, చంద్రునిపై అడుగిడెను, ఆకాశమున ఇల్లు కట్టి అందు వసించుచున్నాడు. అయినను భూమి తోడ్పాటు లేకుండ అచట ఒక్క సంవత్సరమైనను బ్రతుకగల విద్య అతనికి ఇంకను పట్టుబడలేదు. ఆ విద్య ఎంతవరకు వచ్చినది, ఎచట ఆగినది, ఇక ముందు ఏ త్రోవను పోవలసియున్నది అను విషయము విచారింపదగినది.

ఈ చరిత్రకు ఆదిపురుషుడు రష్యాదేశీయుడగు కాన్‌స్తంతీన్ త్సియొల్కోవ్‌స్కీ. 1857లో జన్మించిన ఇతడు పదేండ్ల ప్రాయమున జ్వరమువలన వినికిడిని చాలవరకు కోల్పోయెను. బడిలో గురువు మాట వినబడదు. కావున పదునారవ యేట మాస్కో నగరము చేరి, అచటి చెర్త్‌కోవ్ గ్రంథాలయమున మూడేండ్లపాటు గణితమును, భౌతికశాస్త్రమును తనంత తానే అభ్యసించెను. తండ్రి పంపు కొద్ది సొమ్మును పుస్తకములకును ప్రయోగసామగ్రికిని వెచ్చించి, రొట్టెతోడనే కాలము గడపెను. పిమ్మట కలూగా పట్టణమున బడిపంతులుగా నుండి, 1903లో రాకెట్టు సాయమున అంతరిక్షమును శోధించు విధానమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. రాకెట్టు ఎంత యింధనమును మోసిన ఎంత వేగము పొందగలదో తెలుపు సూత్రము అందు గలదు. నేటి రాకెట్టులన్నియు ఆ సూత్రమునకు లోబడియే నడచుచున్నవి.

అంతకంటె విశేషమైన సంగతి మరియొకటి కలదు. అంతరిక్షమునకు పోయినవారు అచట ఎట్లు బ్రతుకుదురను ప్రశ్నను గూడ ఇతడు వేసికొనెను. గాజు కప్పుగల తోటలను వెంట గొనిపోవలెననియు, మనుష్యులు విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్కలు గ్రహించుననియు, మొక్కలు విడిచిన ప్రాణవాయువును మనుష్యులు పీల్చుదురనియు ఊహించెను. 1935లో ఇతడు మరణించునాటికి ఏ రాకెట్టును అంతరిక్షమును చేరలేదు. అయినను అతడు వేసిన రెండు ప్రశ్నలలో మొదటిది, అనగా పోవుట ఎట్లనునది, అతివేగముగా పరిష్కారమయ్యెను. అమెరికాలో రాబర్టు గొడ్డార్డు 1926 మార్చి 16న ఎగురవేసిన ద్రవేంధన రాకెట్టు 41 అడుగుల ఎత్తునకు మాత్రమే పోయినది. ముప్పదియొక్క సంవత్సరములకు, 1957 అక్టోబరు 4న, సోవియట్ రష్యా స్పుత్నిక్ ఉపగ్రహమును భూమి చుట్టును త్రిప్పెను. 1961 ఏప్రిలు 12న యూరీ గగారిన్ 108 నిమిషములలో భూప్రదక్షిణము ముగించి దిగెను. 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ అనువారు చంద్రునిపై నడచిరి.

అయితే ప్రయాణము వేరు, కాపురము వేరు. పొరుగూరికి పోవువానికి సద్దిమూట చాలును. కాపురము పెట్టువానికి బావి, పొలము, పొయ్యి కావలెను. చంద్రునిపై నడచిన పన్నిద్దరు అమెరికనులును సద్దిమూటతో పోయినవారే. అందరికంటె ఎక్కువకాలము చంద్రునిపై నిలిచిన అపోలో 17 యాత్రికులు కూడ 1972 డిసెంబరులో సుమారు 75 గంటలే ఉండి మరలివచ్చిరి. వారి గాలి, నీరు, అన్నము సమస్తము భూమినుండి మోసికొనిపోయినదే. ఒక మనుష్యునికి దినమునకు సుమారు 840 గ్రాముల ప్రాణవాయువు కావలెను. త్రాగుటకును వంటకును మూడు లీటర్లకు అటునిటుగా నీరు కావలెను. అతడు దినమునకు ఒక కిలోగ్రాము వరకు బొగ్గుపులుసు వాయువును విడుచును. దానిని తొలగింపనిచో మూసిన గదిలో ప్రాణము నిలువదు. భూమిపై ఈ పనులన్నియు చెట్లును, మేఘములును, మట్టిలోని సూక్ష్మజీవులును అడుగకయే చేయుచున్నవి. ఆకాశమున వీనిలో ప్రతియొక్కటియు మనుష్యుడు చేసికొనవలసిన పనియే.

ఆకాశమున మొదటి ఇల్లు 1971 ఏప్రిలు 19న సోవియట్ రష్యా ఎగురవేసిన సల్యూట్ 1. దబ్రవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ అను మువ్వురు జూన్ నెలలో అందు ప్రవేశించి మూడు వారములకు పైగా నివసించిరి. మొక్కలను పెంచు చిన్న పరికరమొకటి ఆ యింట ఉండెను. తిరుగుప్రయాణమున, జూన్ 30న, వారి నౌకలోని గాలికవాటమొకటి అకాలమున తెరచుకొనగా లోని గాలియంతయు క్షణములలో బయటికి పోయినది. నౌక ఇరుకగుటచే వారు రక్షణకవచములు ధరింపలేదు. నౌక క్షేమముగా నేలకు దిగినది. తలుపు తెరచి చూడగా మువ్వురును విగతజీవులై యుండిరి. ఒక్క కవాటము, కొలది క్షణములు, మూడు నిండుప్రాణములు. నేలపై నున్నవానికి గాలి ఉన్నదన్న తలపే రాదు. అచట ఆ తలపు ఒక్క నిమిషమైనను మరువరాదను సత్యము అంత వెల చెల్లించిన పిమ్మట తెలిసినది. నాటినుండి ఎగురునప్పుడును దిగునప్పుడును కవచధారణము సోవియట్ యాత్రికులకు విధియైనది.

ఆ దుఃఖముతో పని ఆగలేదు. సల్యూట్ 7 కేంద్రమున 1982లో ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్క పూచి గింజ కట్టెను. విత్తనమునుండి విత్తనమువరకు ఆకాశముననే పెరిగిన మొదటి మొక్క అదియే. మీర్ అను కేంద్రము 1986నుండి 2001వరకు భూమి చుట్టును తిరిగినది. వలేరీ పల్యాకోవ్ అను వైద్యుడు 1994, 1995 సంవత్సరములలో అందు విరామము లేక సుమారు 437 దినములు గడపి, కుజగ్రహమువరకు పోవు కాలమును మనుష్యదేహము ఓర్వగలదని చూపెను. అనేక దేశములు కలిసి నిర్మించిన అంతర్జాతీయ కేంద్రము 2000 నవంబరు 2నుండి మనుష్యశూన్యమైన దినము లేకుండ సాగుచున్నది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అది గంటన్నరకొక మారు భూమిని చుట్టివచ్చును. అచట నీటిని విద్యుచ్ఛక్తితో విడగొట్టి ప్రాణవాయువును తీయుదురు. చెమటను, శ్వాసలోని తేమను, తుదకు మూత్రమును గూడ శుద్ధిచేసి మరల త్రాగుదురు. నూటికి 98 పాళ్ల నీటిని ఇట్లు తిరిగి పొందగలిగినట్లు 2023లో ప్రకటించిరి. తినుటకు మాత్రము భూమినుండి సరకునౌక రావలసినదే. 2015లో అచట పెంచిన ఆకుకూరను యాత్రికులు రుచిచూచిరి. అది నంజుకొనుటకు వచ్చెను గాని కడుపు నింపలేదు.

ఆహారముతో గూడ సమస్తమును లోపలనే పండించుకొను ప్రయత్నములు నేలమీదనే జరిగినవి. సైబీరియాలోని క్రస్నయార్స్క్ నగరమున బయోస్ 3 అను మూసిన గృహము 1972లో పనిచేయ నారంభించెను. అందు ముగ్గురేసి మనుష్యులు వసించుచు, విద్యుద్దీపముల వెలుగున గోధుమలు, కూరగాయలు పండించి, గాలిని దాదాపు పూర్తిగా ఆ పైరులచేతనే శుద్ధిచేసికొనిరి. ఒక పరీక్ష 180 దినములు సాగినది. ఇంతకంటె పెద్ద సాహసము అమెరికాలోని అరిజోనాలో జరిగినది. మూడెకరములకు పైబడిన గాజుభవనమున అడవి, చిత్తడినేల, చిన్న సముద్రము, పొలము అమర్చి, నలుగురు పురుషులును నలుగురు స్త్రీలును 1991 సెప్టెంబరు 26న లోనికి పోయి రెండేండ్లు ఉండిరి. దానికి రెండవ జీవగోళమను అర్థము వచ్చునట్లు పేరిడిరి. పంట పండెను, అయినను కడుపునిండ చాలలేదు. పూలను ఫలింపజేయు కీటకములు నశించెను. చీమలును బొద్దింకలును వర్ధిల్లెను. గాలిలో నూటికి దాదాపు 21 పాళ్లుండవలసిన ప్రాణవాయువు పదునారు నెలలలో 14 పాళ్లకు పడిపోయినది. ఎత్తైన పర్వతములపై నున్నవారివలె అందరును ఆయాసపడిరి. 1993 జనవరిలో బయటినుండి ప్రాణవాయువును పంపక తప్పలేదు.

కారణము విచారింపగా ఆశ్చర్యకరమైన సంగతి బయటపడినది. పంట బాగుగా పండవలెనని వేసిన సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు మితిమీరి ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడిచెను. మొక్కలకు చేరవలసిన ఆ వాయువులో కొంతభాగమును క్రొత్త కాంక్రీటు గోడలు పీల్చుకొనెను. ఎరువు ఎక్కువైన పైరు చెడునను సంగతి రైతుకు తెలియును. మట్టియే ఇంటి గాలిని మ్రింగునని ఆ భవనమును కట్టిన పండితులకు తోచలేదు. భూమి ఎన్నియో కోట్ల సంవత్సరములలో కూర్చుకొనిన పొందికను మూడెకరములలో కూర్చుట ఎంత కష్టమో లోకమునకు అప్పుడు తెలిసినది.

ఇప్పుడు కుజగ్రహము వంక చూడవచ్చును. మిక్కిలి దగ్గరకు వచ్చినప్పుడును అది దాదాపు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. పోవుటకే ఆరేడు నెలలు పట్టును. అనుకూలమైన ప్రయాణకాలము 26 నెలలకొకసారి గాని రాదు. కావున అచట ఆపద కలిగిన సరకునౌక వచ్చి ఆదుకొనుట కల్ల. అచటి గాలి భూమిగాలిలో నూరవ వంతునకు లోపు పలుచన; అందు నూటికి 95 పాళ్లు బొగ్గుపులుసు వాయువే. 2021లో దిగిన పెర్సివరెన్స్ అను అమెరికా యంత్రము ఆ గాలినుండి ప్రాణవాయువును తీయు పరీక్ష చేసి, 2023 వరకు పదునారు మారులలో మొత్తము 122 గ్రాములు సంపాదించెను. అది ఒక మనుష్యునికి మూడున్నర గంటల ఊపిరి. ఇది స్వల్పమే, అయినను పరలోకపు గాలినుండి పీల్చదగిన వాయువును తీయుట అదియే ప్రథమము. ఇంతేగాక, బరువు తెలియని చోట ఎముకలు నెలకు నూటికి ఒక పాలు మేరకు క్షీణించును. యాత్రికులు దినమునకు రెండు గంటలు వ్యాయామము చేసి ఆ నష్టమును తగ్గించుకొనుచున్నారు. కుజునిపై పుట్టి పెరుగు శిశువు దేహమెట్లుండునో చెప్పగల శాస్త్రము నేటికిని లేదు.

ఈ చరిత్రలో ఆంధ్రదేశపు నేలకును పాలు గలదు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట దీవినుండి 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. 1980 జూలై 18న భారతీయ రాకెట్టు రోహిణి ఉపగ్రహమును అచటినుండియే కక్ష్యలో నిలిపినది. అచటినుండి 2008లో బయలుదేరిన చంద్రయానము మోసికొనిపోయిన పరికరము చంద్రునిపై నీటి జాడలను కనుగొన్నట్లు 2009లో వెల్లడియైనది. చంద్రునిపై కాపురము పెట్టువానికి ఇంతకంటె శుభవార్త లేదు. 2023 ఆగస్టు 23న మూడవ చంద్రయానము దక్షిణధ్రువ సమీపమున దిగినది. 1984లో రాకేశ్ శర్మ సల్యూట్ 7లో వసించిన పిదప, 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రమున పదునెనిమిది దినములుండి మెంతులను, పెసలను మొలకెత్తించెను. 2035 నాటికి స్వంత అంతరిక్షకేంద్రమును నిర్మింపవలెనని భారతదేశము సంకల్పించినది.

ఊరి బావులు ఎండుచుండగా ఆకాశమున నీటికై ఇంత వ్యయమేల యని ప్రశ్నించువారు కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఈ చరిత్ర దానికొక సమాధానము చెప్పుచున్నది: ఆకాశమున కాపురము పెట్టబోయిన ప్రతివాడును నీటిబొట్టు వెలను, పచ్చని ఆకు వెలను గ్రహించియే తిరిగివచ్చెను. భూమి చెడిన మరియొక గ్రహమునకు పోవచ్చునను మాట శాస్త్రము తెలియనివారి మాట. మూడెకరముల గాలిని సరిదిద్దుకొనలేనివారు ఒక గ్రహపు గాలిని సరిదిద్దుట సమీపకాలమున జరుగునది కాదు. జరుగవలసియున్నచో దానిని జరుపువారు రాకెట్టు చేయువారు మాత్రమే కారు. మట్టిని, విత్తనమును, నీటిని, సూక్ష్మజీవిని ఎరిగినవారును కావలెను. అట్టి జ్ఞానము పల్లెలలో పుట్టి పెరుగునట్టిది. దానికి శాస్త్రమును జోడించు పని గ్రంథాలయములది. చెవులు వినబడని బాలునికి మాస్కోలో ఒక గ్రంథాలయము గురువైనది. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున తలుపు తెరచియున్న ఈ గ్రంథాలయమున అట్టి బాలుడో బాలికయో కూర్చుండి చదువుకొనుచున్నచో, వారికి వలయు పుస్తకమును అందించుట ఊరివారి కర్తవ్యము.