బెంగళూరు నగర రవాణా
సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, మిట్టపల్లాల పీఠభూమిపై విస్తరించిన బెంగళూరులో రోజువారీ ప్రయాణానికి పెద్ద దిక్కు బీఎంటీసీ బస్సు. ఈ సంస్థ 1997లో ఏర్పడింది. బస్సులకు కేంద్రం మెజెస్టిక్. ఎండిపోయిన ధర్మాంబుధి చెరువు స్థలంలోనే ఆ బస్టాండు వెలిసింది. ఎదురుగానే రైల్వేస్టేషన్ ఉంది కాబట్టి, తెలుగు జిల్లాల నుంచి వచ్చే చాలామందికి నగరం అక్కడే మొదలవుతుంది. నమ్మ మెట్రో 2011 అక్టోబరు 20న బయ్యప్పనహళ్లి, ఎంజీ రోడ్డు మధ్య ప్రారంభమైంది. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా సాగే ఊదా మార్గం 2023లో పూర్తయింది. 2025 ఆగస్టులో పసుపు మార్గం ఆర్‌వీ రోడ్డును ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్రతో కలిపింది. స్టేషన్ దిగాక ఇంటికి ఆటోయో, నడకో. మీటరు వేయమంటే ఆటోవాలా మొహం తిప్పుకోవడం ఇక్కడ మామూలే. గట్టి వానపడితే పల్లపు అండర్‌పాస్‌లలో నీళ్లు నిలుస్తాయి. ఆ పూట బస్సుకన్నా మెట్రోయే నయం.