రంది, బుగులు, గాబరా: చైనా సంప్రదాయ వైద్యంలో ఆందోళన భావన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆధునిక మనోవైద్యం 'ఆంగ్జైటీ' అని పిలిచే స్థితికి తెలుగులో 'ఆందోళన' అనే పదం స్థిరపడింది. ఊగడం, కదలాడడం ఈ పదానికి మూలార్థాలు. పత్రికాభాషలో ఇదే పదం ప్రజల నిరసనకూ వర్తిస్తుంది. హైదరాబాదు దక్షిణాన బుద్వేల్, రాజేంద్రనగర్, శంషాబాద్ ప్రాంతాల వాడుక మాత్రం ఈ ఒక్క పదంతో సరిపెట్టుకోదు. లోలోపల పెట్టుకొని కుమిలే చింత 'రంది'. ఒక్కసారిగా పట్టుకొనే భయం 'బుగులు'. దక్కనీ సంపర్కంతో వచ్చిన 'గాబరా', 'పరేషాన్' వీటి సరసన నిలిచాయి. మనసులోని బాధను 'పానం బాగలేదు' అని శరీరానికి ముడిపెట్టి చెప్పడం కూడా ఇక్కడ సహజం. పారిభాషిక పదం చెరిపివేసిన ఈ తేడాలను చైనా ప్రాచీన వైద్యం మరొక విధంగా గుర్తించింది. ఆ వైద్యం భయచింతలను ఎలా అర్థం చేసుకున్నదో, ఆ అవగాహనను నేటి రోగనామంతో సమానం చేయడం ఎంతవరకు సబబో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రాచీన గ్రంథాలలో భయచింతలు

హాన్ వంశ కాలంలో రూపుదిద్దుకొన్న 'హువాంగ్‌దీ నైజింగ్' చైనా వైద్యానికి మూలగ్రంథం. దేహంలో సంచరించే ప్రాణశక్తిని 'చి' అని, హృదయాన్ని ఆశ్రయించి ఉండే చైతన్యాన్ని 'షెన్' అని అది వ్యవహరించింది. ఈ గ్రంథం ప్రకారం ఒక్కొక్క ఉద్వేగం 'చి' గతిని ఒక్కొక్క విధంగా మారుస్తుంది: కోపం పైకెత్తుతుంది, భయం కిందికి దింపుతుంది, ఉలికిపాటు చెల్లాచెదురు చేస్తుంది, ఎడతెగని ఆలోచన ముడివేస్తుంది. భయానికి మూత్రపిండాలు, ఆలోచనకు ప్లీహం స్థానాలు. రందికీ బుగులుకూ మధ్య తెలుగు వాడుక పాటించే భేదం వంటిదే ఇక్కడ శాస్త్రరూపం పొందింది.

క్రీ.శ. 2, 3 శతాబ్దుల సంధిలో జీవించిన జాంగ్ జోంగ్‌జింగ్ రచన 'జిన్‌గుయి యావోల్యూ' లక్షణ వర్ణనకు ప్రాధాన్యమిచ్చింది. పొత్తికడుపు నుండి గొంతు వరకు ఏదో ఎగదన్నినట్లై, ప్రాణం పోతున్నదనిపించి, తరువాత శమించే బాధను అందులో 'బెన్‌తున్' అన్నారు. పరుగెత్తే పందిపిల్ల అని ఆ మాటకు అర్థం. దానికి భయాన్నే కారణంగా చెప్పారు. అకారణంగా దుఃఖించే స్త్రీలకు 'జాంగ్‌జావో' అనే రోగనామం ఇచ్చి అతిమధురం, గోధుమలు, చైనా రేగుపండ్ల కషాయం సూచించారు. తరువాతి వైద్యులు గుండెదడలో రెండు రకాలను వేరుచేశారు. బాహ్యమైన బెదురు వల్ల వచ్చేది 'జింగ్‌జీ', అటువంటి కారణం లేకుండానే ఎడతెగక సాగేది 'జెంగ్‌చోంగ్'.

జాంగ్ జీహే చికిత్స

జిన్ వంశ కాలపు వైద్యుడు జాంగ్ జీహే (1156–1228) పేరిట నిలిచిన 'రుమెన్ షిచిన్'లోని ఒక ఉదంతం ప్రసిద్ధం. ప్రయాణంలో సత్రపు మేడపై బస చేసిన ఒక స్త్రీ, రాత్రి దొంగలు ఇళ్లు తగులబెట్టడంతో బెదిరి మంచం మీది నుండి పడిపోయింది. ఆనాటి నుండి చిన్న చప్పుడుకే ఆమెకు స్పృహ తప్పేది. ఇంటివారు అడుగుల సవ్వడి వినబడకుండా నడిచేవారు. గుండెజబ్బుగా భావించి వైద్యులిచ్చిన మందులు ఏడాది దాటినా పనిచేయలేదు. జాంగ్ ఆమెను ఎత్తైన ఆసనంపై కూర్చోబెట్టి, ముందున్న బల్లను కర్రతో కొట్టించాడు. ఆమె ఉలిక్కిపడింది. బల్లను కొడితే భయమెందుకని నచ్చజెప్పి మళ్లీ మళ్లీ కొట్టించాడు. ఆ రాత్రి తెల్లవార్లూ తలుపులూ కిటికీలూ తట్టించాడు. క్రమంగా ఆమెకు ఉరుముల భయం కూడా పోయింది. దీనిని ఆధునిక ప్రవర్తనా చికిత్సకు పూర్వరూపంగా చెప్పాలనిపించడం సహజమే. అయితే జాంగ్ తర్కం వేరు: ఉలికిపాటుతో చెదిరిన 'చి'ని అలవాటు ద్వారా నెమ్మదింపజేయడం ఆయన లక్ష్యం. ఆచరణలో పోలిక ఉన్నంత మాత్రాన సిద్ధాంతం ఒకటి కాదు.

భారతీయ వైద్యంతో పోలిక

చరక సంహిత సూత్రస్థానంలోని 80 వాతవికారాల పట్టికలో హృద్ద్రవం, విషాదం, నిద్రలేమి, అనవస్థితచిత్తత్వం కనిపిస్తాయి. యునానీలో గుండెదడకు 'ఖఫఖాన్' అని పేరు. మూడు సంప్రదాయాలూ హృదయాన్ని దేహమనస్సుల కూడలిగానే చూశాయి.

ఈ పోలికను పరస్పర ప్రభావంగా చెప్పడానికి ఆధారాలు కావాలి. 7వ శతాబ్దంలో భారతదేశంలో నివసించిన యీజింగ్, సూదివైద్యంలోనూ నాడీజ్ఞానంలోనూ చైనాను జంబూద్వీపంలో ఏ ప్రాంతమూ మించలేదని భావించాడు. చరక సంహితలో లేని నాడీపరీక్ష శార్ఙ్గధర సంహితలో స్థానం పొందింది. తెలుగు తాత్పర్యంతో ప్రచారంలో ఉన్న 'బసవరాజీయం' నాడీ విషయంతోనే మొదలవుతుంది. 14వ శతాబ్ది తొలినాళ్లలో ఇరాన్‌లో రషీదుద్దీన్ చైనా వైద్యాన్ని పారశీకంలోకి అనువదింపజేశాడు. ఇవి సంపర్కం సాధ్యమేనని సూచిస్తాయి, జరిగిందని రుజువు చేయవు.

ఆధునిక పరిణామాలు

నేటి 'చైనా సంప్రదాయ వైద్యం' చాలావరకు 20వ శతాబ్దపు వ్యవస్థీకరణ ఫలితం. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరాలలో ప్రభుత్వం దీనికి కళాశాలలు నెలకొల్పింది. మనోవ్యాధుల భాషను పాశ్చాత్య వైద్యమూ ప్రభావితం చేసింది. అమెరికా వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో ప్రచారంలోకి తెచ్చిన 'న్యూరస్తీనియా' చైనాలో 'షెన్‌జింగ్ షువాయ్‌రువో'గా, అంటే నరాల బలహీనతగా స్థిరపడింది. 1980లో చాంగ్‌షా నగరంలో ఆర్థర్ క్లైన్‌మన్ ఈ నిర్ధారణ పొందిన 100 మందిని పరిశీలించినప్పుడు, అత్యధికులలో కుంగుబాటు, అనేకులలో ఆందోళన రుగ్మత కనిపించాయి. రోగులు మాత్రం తలనొప్పి, నిద్రలేమి వంటి దేహబాధలనే ముందుగా చెప్పుకొన్నారు.

1938లో చైనాకు వెళ్లిన భారత వైద్యబృంద సభ్యుడు బిజయ్ కుమార్ బసు, 1958లో మళ్లీ అక్కడికి వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొని కలకత్తాలో ఆ చికిత్సను ప్రారంభించారు. కేంద్ర ప్రభుత్వం 2003లో దానిని చికిత్సా విధానంగా, 2019లో స్వతంత్ర వైద్యపద్ధతిగా గుర్తించింది. 2022లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ 11వ కూర్పు సంప్రదాయ వైద్యానికి ఒక అధ్యాయం కేటాయించింది. అది నమోదుకు ఉద్దేశించినదే గాని చికిత్సల ఫలితానికి ధ్రువపత్రం కాదు.

ముగింపు

బెన్‌తున్, జింగ్‌జీ, జాంగ్‌జావోలను 'ఆందోళన' అని ఒక్కమాటలో అనువదిస్తే వాటి దేహభావన కనుమరుగవుతుంది. అసలు సంబంధమే లేదంటే మానవానుభవంలోని సామాన్యత మరుగున పడుతుంది. ప్రాచీనత చికిత్సా సామర్థ్యానికి రుజువు కాదు. దానిని తేల్చవలసింది నేటి వైద్య పరీక్షలే. కాని రోగి తన బాధను ఏ మాటలతో చెప్పుకొంటున్నాడో తెలియకపోతే ఆ పరీక్షలకు పెట్టే ప్రశ్నలే తప్పుతాయి. డి.వి. సుబ్బారెడ్డి వంటి వారి కృషితో వైద్యచరిత్ర అధ్యయనానికి హైదరాబాదు కేంద్రమైంది. ఇక్కడి పరిశోధకులు తాళపత్ర వైద్యగ్రంథాలతో పాటు రంది, బుగులు, గాబరా వంటి జీవద్భాషా పదాలను కూడా ఆధారాలుగా సేకరించాలి. నగర విస్తరణతో వేగంగా మారుతున్న బుద్వేల్ వంటి చోట్ల ఆ పని ఆలస్యమైతే, మాటలతో పాటు అవి మోసిన వివేచన కూడా చేజారుతుంది.